పలుకు ఎవరిది? పక్షవాతానంతర దాంపత్యంలో పరిచర్య, కథన కర్తృత్వం: డయాన్ అకర్మన్ రచన ఆధారంగా

తెలుగులో వెలువడిన తొలి పురాణానువాదంగా సాహిత్య చరిత్రకారులు పేర్కొనే మారన మార్కండేయ పురాణం ప్రస్తావనకు రాగానే దృష్టి ప్రవరాఖ్యుని వైపు మళ్లడం పరిపాటి. పెద్దన మనుచరిత్రకు మూలమైనందువల్ల ఆ ఘట్టానికి ఆ ప్రాముఖ్యం దక్కింది. అదే పురాణంలోని కౌశికుని కథ హరికథా వేదికలకు, పౌరాణిక చలనచిత్రాలకు చేరువైనంతగా సాహిత్య విమర్శకు చేరువ కాలేదు. కౌశికుడు ప్రతిష్ఠానపుర వాసి, కుష్ఠురోగి, ముక్కోపి. జనశ్రుతిలో సుమతిగా ప్రసిద్ధురాలైన అతని భార్య అతణ్ణి భుజాన మోసుకొని, అతడు కోరిన వేశ్య ఇంటికి చీకటిలో బయలుదేరుతుంది. దారిలో శూలంపై ఉన్న మాండవ్యునికి కౌశికుని శరీరం తగలడం, సూర్యోదయంతో మరణించగలడని ముని శపించడం, ఆ సూర్యుడే ఉదయించకూడదని ఆమె పలకడం, అనసూయ ప్రార్థనపై ఆమె అంగీకరించాక కౌశికుడు మరణించి ఆరోగ్యవంతుడై తిరిగి లేవడం అందరూ ఎరిగినవే.

అందరూ ఎరిగిన ఈ కథలో శ్రోత ఆగని చోటు ఒకటి ఉంది. సూర్యుణ్ణి ఆపడానికి ముందు ఆ భార్య రోజూ ఏమి చేస్తున్నదో సంస్కృత మూలం చెబుతుంది: పాదాలకు తైలం రాయడం, అవయవాలు ఒత్తడం, స్నానం చేయించడం, బట్ట కట్టడం, అన్నం పెట్టడం, కఫం, మలమూత్రాలు, రక్తం కడగడం. ఇంట్లో మంచాన పడిన మనిషికి సేవ చేసినవారెవరైనా ఈ వరుసలోని కచ్చితత్వాన్ని వెంటనే గుర్తిస్తారు. ఒళ్లు ఒత్తడం దగ్గర ఆగిపోకుండా మలమూత్రాల దాకా వెళ్లిన పౌరాణికుని నిజాయితీ మెచ్చదగినది. అయితే ఈ వివరణ నిడివి ఇంచుమించు ఒక శ్లోకం. ఆ తర్వాత కథ వ్రత మహిమ వైపు సాగిపోతుంది. చేతులు చేసిన పని పాతివ్రత్యమనే గుణంగా మారుతుంది. గుణంగా మారిన పనికి వేళలుండవు, అలసట ఉండదు, రాత్రి రెండు గంటలకు తడిసిన దుప్పటి మార్చవలసిన అవసరమూ కథలో మళ్లీ కనిపించదు.

ఇంకొక విషయం కూడా గమనార్హం. కౌశికుని దేహం శిథిలమైనా మాట శిథిలం కాలేదు. అతడు కసరగలడు, తిట్టగలడు, తన కోరికను విశదంగా చెప్పగలడు. భర్త ఏమి కోరుతున్నాడన్న సందేహం భార్యకు ఒక్క క్షణం కూడా కలగదు. రోగి ఆజ్ఞాపించడం, సేవకురాలు నిర్వహించడం అనే ఈ ఏర్పాటుపైనే పతివ్రతా కథల నిర్మాణం ఆధారపడి ఉంది. పక్షవాతం సరిగ్గా ఈ ఏర్పాటునే భంగపరుస్తుంది. తెలుగు నుడికారం దీనిని బాగా పట్టుకున్నది. పక్షవాతం అనే సంస్కృత పదం దేహంలో ఒక పక్కను మాత్రమే సూచిస్తే, ఇళ్లలో వాడే మాట ‘కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట కూడా పడిపోయింది’ అన్నది. మాట పడిపోయిన భర్తకు ఏమి కావాలో ఎవరు నిర్ణయించాలి? అతని పక్షాన మాట్లాడే భార్య అతని మాటనే మాట్లాడుతున్నదా, తన మాటను అతని నోట పెడుతున్నదా? ఈ ప్రశ్నలను కౌశికుని కథ వేయలేదు. వాటిని సూటిగా ఎదుర్కొన్న గ్రంథాలలో అమెరికన్ రచయిత్రి డయాన్ అకర్మన్ 2011లో ప్రచురించిన ‘వన్ హండ్రెడ్ నేమ్స్ ఫర్ లవ్’ ముఖ్యమైనది. ఈ వ్యాసం ఆ ఆత్మకథనాన్ని పరిచర్యా కథనంగా పరిశీలించి, అటువంటి కథనం తెలుగు దాంపత్య భాషలో ఎదుర్కొనే సమస్యలను సూచిస్తుంది.

అకర్మన్ కవయిత్రి, ప్రకృతి వ్యాసకర్త్రి. ఆమె భర్త పాల్ వెస్ట్ ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నవలాకారుడు. అపూర్వ పదాలపై ఆయనకున్న మోజు సమీక్షకులలో కొందరికి ఆరాధ్యం, కొందరికి విసుగు. 2003లో మూత్రపిండాల ఇన్‌ఫెక్షన్‌కు ఆసుపత్రిలో మూడు వారాలు చికిత్స పొంది, ఇంటికి వెళ్లవలసిన తరుణంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. మెదడు ఎడమ భాగంలో మాటను పలికించే కేంద్రమూ, మాటను గ్రహించే కేంద్రమూ రెండూ దెబ్బతిన్నాయి. అఫేసియా అని వైద్యులు పిలిచే వాగ్వైకల్యాలలో ఇది అత్యంత తీవ్రమైన రకం. పదాల మీద బ్రతికిన మనిషికి ‘మెమ్’ అనే ఒక్క అక్షరసమూహం మిగిలింది. అప్పటికి అకర్మన్ మెదడు గురించి ఒక గ్రంథం రచిస్తున్నది. ‘ఆన్ ఆల్కెమీ ఆఫ్ మైండ్’ పేరుతో అది 2004లో వెలువడింది. ఏ మెదడు కేంద్రాల గురించి బల్ల దగ్గర కూర్చొని వ్రాస్తున్నదో అవే భర్త తలలో నశించడం ఆమె చూసింది. ఇంత యాదృచ్ఛికతను నవలలో పెడితే విమర్శకులు తప్పు పట్టేవారు.

గ్రంథంలో బలమైన భాగం ఆసుపత్రి నుంచి ఇథాకాలోని ఇంటికి చేరిన తర్వాత మొదలవుతుంది. ఆసుపత్రిలో రోగం ఒక సంఘటన; ఇంట్లో అది దినచర్య. మింగే కండరాలు అదుపు తప్పినవారికి పలుచని నీరు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంటుంది కాబట్టి తాగే ప్రతి ద్రవాన్నీ చిక్కబరచి ఇవ్వాలి. దాహం వేసిన మనిషి మంచినీళ్ల కోసం చూపించే ఆరాటం, ప్రేమించే భార్యే దానిని నిరాకరించవలసి రావడం అకర్మన్ రచనలో ఎక్కడా అతిశయోక్తి లేకుండా కనిపిస్తాయి. ముడుచుకుపోయిన కుడిచేతి వేళ్లు, మందుల వేళలు, మధుమేహం, అంతకుముందే ఉన్న హృద్రోగం, అర్ధరాత్రి ఏ చిన్న చప్పుడుకైనా మేలుకోవడం. పురాణం ఒక శ్లోకంలో దాటిన దూరాన్ని ఈ గ్రంథం నడిచి దాటుతుంది. భర్తను స్వస్థపరచడంతో పాటు తన రచనా వ్యాసంగాన్ని కాపాడుకోవడం గురించీ ఆమె దాపరికం లేకుండా వ్రాసింది. తర్వాత చలనచిత్రంగా కూడా ప్రసిద్ధమైన ఆమె ‘ది జూకీపర్స్ వైఫ్’ 2007లో, ఈ పరిచర్యా కాలంలోనే వెలువడింది. సంరక్షకురాలికి తన పని మీద ఉన్న ఆశను నేరంగా భావించకపోవడం పతివ్రతా కథకు పూర్తిగా వెలుపలి విషయం.

అయితే ఈ దినచర్యలో ఒక వెసులుబాటు ఉంది. నర్సింగ్ చదువుతున్న ఒక సహాయకురాలు ఆ ఇంట్లో పని చేసేది. క్రమంగా ఆమే వెస్ట్ వ్రాతపనికి కూడా సాయపడింది. అకర్మన్ ఆమెను ఆత్మీయంగా చిత్రించింది, సందేహం లేదు. కాని జీతం మీద జరిగే పరిచర్యకూ ప్రేమ మీద జరిగే పరిచర్యకూ మధ్య ఉన్న ఆర్థిక సంబంధాన్ని గ్రంథం లోతుగా తడమలేదు. పక్షవాతం వచ్చిన ఇంట భార్యకు బల్ల దగ్గర కూర్చునే ఉదయాలు దొరకాలంటే ఆ ఉదయాలకు ఎవరో ఒకరు మూల్యం చెల్లించాలి. తెలుగు ప్రాంతాల్లో ఆ మూల్యం చాలాసార్లు చదువు మానుకొన్న కూతురి రూపంలోనో, పుట్టింటి నుంచి పిలిపించిన చెల్లెలి రూపంలోనో ఉంటుంది. ఆ కథకురాలు వ్రాసే గ్రంథం వేరుగా ఉంటుంది.

వాక్చికిత్స ఘట్టంలో అకర్మన్ పరిశీలన అత్యంత సూక్ష్మం. చికిత్సకురాలు రాఫెల్ చిత్రంలోని రెక్కల బాలురను చూపి ఇవి ఏమిటని అడుగుతుంది. వెస్ట్ ఎంతో ప్రయాసపడి ‘చెరూబిమ్’ అంటాడు. దేవదూతలలో ఒక తరగతికి అది హీబ్రూ నుంచి వచ్చిన శాస్త్రీయ నామం, బహువచన రూపంతో సహా సరైనదే. చికిత్సకురాలు మాత్రం తప్పని చెప్పి, ‘ఏంజెల్స్’ అనే సులభపదాన్ని సాగదీసి నేర్పబోతుంది. ఈ ఒక్క దృశ్యం గ్రంథం మొత్తానికీ తాళపుచెవి వంటిది. రోగి వద్ద మిగిలిన జ్ఞానాన్ని గుర్తించడానికి పరీక్షించేవారికి కూడా అంత జ్ఞానం ఉండాలి. కొలబద్ద పొట్టిదైతే పొడవైన జవాబు తప్పుగా నమోదవుతుంది. ఈ పరిస్థితిని తెలుగుకు అన్వయిస్తే, జీవితమంతా శతకాలు వల్లించిన ఒక పండితునికి అరటిపండు బొమ్మ చూపితే ‘కదళి’ అన్నాడనుకుందాం. పట్టికలో ఆ జవాబుకు గడి ఉండదు. వాగ్వైకల్యంలో సులభపదాలు ముందు తిరిగి వస్తాయనే అంచనా వెస్ట్ విషయంలో విఫలమైంది. సులభపదాలు పోయి, అరుదైన పదాలు మరో తోవలో వచ్చాయి. అకర్మన్ ఆ తోవను గుర్తించి, పాఠ్యపుస్తకపు అభ్యాసాలను పక్కనపెట్టి, భర్త స్వభావానికి తగిన పదక్రీడలను తానే తయారు చేసింది. ఇందుకు ఆమెకు వైద్యశాస్త్ర పరిజ్ఞానం కంటె ముప్పైయేళ్లకు పైబడిన సాహచర్యం ఎక్కువగా తోడ్పడింది. భార్య ఇక్కడ భర్త పదకోశానికి మిగిలిన ఏకైక పాఠకురాలు.

ఈ స్థానం ఎంత అవసరమో అంత ప్రమాదకరం కూడా. ‘మెమ్’ విషయమే తీసుకోవచ్చు. వెస్ట్ ఆ ఒక్క ధ్వనినే ప్రశ్నగా, కోపంగా, బతిమాలుగా, వ్యంగ్యంగా పలికినట్లు అకర్మన్ వింటుంది; స్వరంలోని ఎత్తుపల్లాలను అనుసరించి అర్థం కడుతుంది. వాగ్వైకల్య చరిత్రకు ఇటువంటి ఒంటి ధ్వని కొత్త కాదు. పాల్ బ్రోకా 1861లో పరిశీలించిన సుప్రసిద్ధ రోగి లెబోర్న్ ‘టాన్’ అని మాత్రమే పలికేవాడు. ఆసుపత్రి అతనికి ఆ ధ్వనినే పేరుగా పెట్టింది. వైద్యగ్రంథాలలో నేటికీ అతడు టాన్. మనిషి పోగొట్టుకోగా మిగిలిన శకలాన్నే మనిషి పేరుగా చేసిన ఆ నామకరణానికి అకర్మన్ గ్రంథం, ఉద్దేశించకపోయినా, ఒక సమాధానం. ఆమె భర్త మెమ్ కాలేదు.

మరొక ధ్వని మైకెల్ హానెకె దర్శకత్వం వహించిన ‘అమూర్’ చిత్రంలో వినిపిస్తుంది. 2012 కాన్ చిత్రోత్సవంలో పామ్ డోర్ పురస్కారం పొందిన ఈ చిత్రంలో ఆన్, జార్జ్ అనే వృద్ధ సంగీతోపాధ్యాయ దంపతుల పారిస్ నివాసమే దాదాపు మొత్తం రంగస్థలం. పక్షవాతంతో కుడిపక్క పడిపోయిన ఆన్ తనను మళ్లీ ఆసుపత్రికి పంపవద్దని భర్త నుంచి మాట తీసుకొంటుంది. రోగం ముదిరిన తర్వాత ఆమె నోట పదేపదే వచ్చేది ‘మాల్’, అనగా నొప్పి. దానిని పట్టించుకోనక్కరలేదని, అలవాటుగా వచ్చే ధ్వని మాత్రమేనని నర్సు చెబుతుంది. నిజంగా నొప్పేమో ఎవరికి తెలుసు? హానెకె ఆ ప్రశ్నను తీర్చడు. నీరు మింగకుండా ఉమ్మివేసిన భార్యను జార్జ్ చెంపదెబ్బ కొడతాడు. తల్లిని చూడవచ్చిన కూతురికి గది తలుపు తాళం వేస్తాడు. చివరికి దిండు నొక్కి భార్య ఊపిరి తీస్తాడు. అది కరుణా, అలసటా, ఇచ్చిన మాటా, అధికారమా? చిత్రం పేరు ప్రేమ అని మాత్రమే అంటుంది. తలుపు పగలగొట్టుకొని అగ్నిమాపక సిబ్బంది లోనికి రావడంతో చిత్రాన్ని ఆరంభించి, మూసిన తలుపుల వెనుక జరిగే పరిచర్యను బయటి కన్ను ఎంత ఆలస్యంగా చేరుకుంటుందో హానెకె మొదటే చెప్పేశాడు.

జార్జ్ పాత్రకు సమానమైన నమూనా తెలుగు పౌరాణిక వారసత్వంలో వెదికితే దొరకడం కష్టం. పతివ్రత అన్న మాటకు పురుష రూపంగా చెప్పదగిన ఏకపత్నీవ్రతుడు మరొక స్త్రీని కోరనివాడే కాని, మంచాన పడిన భార్యకు పక్క మార్చేవాడు కాడు. ఒకే వ్రతశబ్దం స్త్రీ విషయంలో సేవను, పురుషుని విషయంలో నిగ్రహాన్ని సూచించడం యాదృచ్ఛికం కాదు. భార్యకు పరిచర్య చేసే తెలుగు భర్తలు లేరని దీని అర్థం కాదు. వారిని వర్ణించడానికి భాష ఒక సిద్ధపదాన్ని ఇవ్వలేదు. ఇరుగుపొరుగు ఇచ్చే ‘పాపం, ఆయనే అన్నీ చేసుకుంటున్నాడు’ అన్న వాక్యంలో జాలి అంతా ఆయన పక్షానే ఉంటుంది.

అకర్మన్ గ్రంథానికి పేరు తెచ్చిన ఘట్టం ఇందుకు పూర్తిగా భిన్నమైన మార్గంలో నడుస్తుంది. పక్షవాతానికి పూర్వం వెస్ట్ భార్యను లెక్కలేనన్ని ముద్దుపేర్లతో పిలిచేవాడు. అవన్నీ పోయాయి. తనకిప్పుడు పేరే లేదని ఆమె ఒకనాడు బాధపడితే, ఆయన కొత్త పేర్లు కల్పించడం మొదలుపెడతాడు. రోజుకొకటి చొప్పున నూరు రోజులు నూరు పేర్లు. పక్షులు, పూలు, ఉదయాలు, అద్భుత ప్రాణులు కలిసిన విచిత్ర సమాసాలవి. వైద్యపరంగా చూస్తే కావలసిన పదానికి బదులు మరొక పదం దూసుకురావడం వాగ్వైకల్య లక్షణమే. ఆ లక్షణాన్నే వెస్ట్ కవితాసాధనంగా మార్చుకున్నాడు, లేదా భార్య అలా మార్చి చదివింది. రెండింటి మధ్య సరిహద్దు గీయడం సాధ్యం కాదు; గీయనవసరం లేదని గ్రంథం సంతోషంగా ఒప్పుకుంటుంది. ఇక్కడ విమర్శకులు అంత త్వరగా ఒప్పుకోనవసరం లేదు.

తెలుగు పాఠకులకు ఈ ఘట్టం మరొక కారణం చేత ఆసక్తికరం. తెలుగు దాంపత్య సంభాషణ చాలా కుటుంబాల్లో పేరు చుట్టూ కాక, పేరును తప్పించడం చుట్టూ అల్లుకొన్నది. భార్య భర్తను పేరు పెట్టి పిలవదు. ‘ఏమండీ’ అన్నది సంబోధనే కాని నామం కాదు. భర్త పిలుపు కులాన్ని, ప్రాంతాన్ని, వయస్సును, ఆనాటి మనఃస్థితిని బట్టి ‘ఏమే’, ‘ఏమోయ్’, ‘ఇదిగో’, ‘నిన్నే’ అని మారుతుంది; బిడ్డ పుట్టాక బిడ్డ పేరుతో ‘వాళ్లమ్మ’ అవుతుంది. ఇటువంటి ఇంట మాట పడిపోతే పోయేవి ముద్దుపేర్లు కావు. కాబట్టి తిరిగి రావలసినవీ అవి కావు. తీవ్రమైన వాగ్వైకల్యంలో కూడా అంకెల వరుస, ప్రార్థనలు, పాటలు, తిట్లు, అలవాటైన పిలుపులు వంటి అప్రయత్న పదాలు కొన్నిసార్లు మిగులుతాయని వైద్యులు ఏనాడో గుర్తించారు. ఆ లెక్కన ఒక తెలుగు భర్తకు మిగిలే ఒక్క మాట ‘ఏమే’ కావచ్చు. యాభైయేళ్లు ఆజ్ఞగా వినిపించిన పిలుపు ఇప్పుడు ఆకలికీ, భయానికీ, కృతజ్ఞతకూ కూడా అదే అయితే, దానిని భార్య ఏ చెవితో వినాలి? పాత ‘ఏమే’ లోంచి కొత్త ‘ఏమే’ని విడదీసే చెవి ఎక్కడినుంచి వస్తుంది?

అటునుంచి భార్య భాషలోనూ మార్పు రాక తప్పదు. ‘మీరు లేవండి, మీరు మింగండి’ అనే బహువచనం మూతి తుడుస్తూ, ఒళ్లు కడుగుతూ ఎంతకాలం నిలుస్తుంది? కొన్ని ఇళ్లలో అది నిలుస్తుంది, మరింత బిగిసి కూడా నిలుస్తుంది. దేహం మీద అధికారం చేతికి వచ్చిన కొద్దీ మాటలో మర్యాద పెంచి ఆ లోటు పూడ్చడం ఒక పద్ధతి. మరికొన్ని ఇళ్లలో ‘మా బంగారం కదూ, ఇంకొక్క ముద్ద’ అంటూ చంటిబిడ్డల భాషలోకి జారుతుంది. తల్లి భాష కాబట్టి దానికి ఆప్యాయత ఉంది. మనిషిని వయస్సు నుంచి దించే భాష కూడా అదే. చెరూబిమ్‌ను ఏంజెల్స్‌గా దిద్దిన చికిత్సకురాలు ఇంగ్లీషులో చేసినది ఇదే పని. తెలుగు క్రియకు లింగవచన పురుషలు అంటిపెట్టుకొని ఉంటాయి గనుక, ఈ జారుడు ప్రతి వాక్యాంతంలోనూ వినిపిస్తుంది. నువ్వు, మీరు అన్న భేదం లేని ఇంగ్లీషు కథనానికి ఈ సూక్ష్మం అందదు. పక్షవాతానంతర దాంపత్యాన్ని చిత్రించే తెలుగు కథకు క్రియాంతాలే ప్రధాన రంగం కావచ్చు.

బహుభాషా సన్నివేశం దీనిని ఇంకా జటిలం చేస్తుంది. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ప్రకటించిన అధ్యయనంలో, పక్షవాతం తర్వాత జ్ఞానసామర్థ్యం సాధారణ స్థాయిలో నిలిచినవారు ద్విభాషుల్లో 40.5 శాతం, ఏకభాషుల్లో 19.6 శాతం అని తేలింది. వాగ్వైకల్యం సంభవించే రేటులో మాత్రం రెండు వర్గాల మధ్య భేదం కనిపించలేదు. అంటే రెండు భాషలు ఆలోచనకు తోడు నిలిచినా పలుకుకు రక్షణ కాలేకపోయాయి. దఖ్ఖనీ ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు కలగలిసిన ఇంట ఏ భాషలో మొదటి మాట వస్తుందో, ఆ మాట భార్య భాషలోనిదేనా అన్నది నవలాకారులు ఎదురుచూడవలసిన నాటకీయ సందర్భం.

కథన కర్తృత్వం విషయంలో అకర్మన్ ఎదుర్కొన్న చిక్కు వెస్ట్ స్వయంగా రచయిత కావడం వల్ల మరింత స్పష్టంగా కనిపిస్తుంది. వెస్ట్ 1969లో ‘వర్డ్స్ ఫర్ ఎ డెఫ్ డాటర్’ అనే గ్రంథం ప్రచురించాడు. వినికిడి లేని తన కుమార్తెను ఉద్దేశించి, ఆమె వినలేని మాటల్లో వ్రాసిన తండ్రి పుస్తకమది. మాట లేని ప్రియజనుల పక్షాన మాట్లాడే పనిని ఆయన ముందే చేశాడు. మూడు దశాబ్దాల తర్వాత ఆయనే అటువంటి రచనకు విషయమయ్యాడు. అంతేకాక, పక్షవాతం తర్వాత తన అనుభవాన్ని తానే చెప్పి వ్రాయించిన ‘ది షాడో ఫ్యాక్టరీ’ 2008లో, అనగా భార్య గ్రంథానికి మూడేళ్ల ముందు వెలువడింది. అందులో వాక్యాలు తడబడతాయి, పదాలు ఉద్దేశం నుంచి పక్కకు జరుగుతాయి, ఒక్కొక్కచోట భావం అందదు. పాఠకాదరణ మాత్రం భార్య పుస్తకానికే దక్కింది. 2012 పులిట్జర్ తుది జాబితాకు చేరినదీ అదే. ఇందులో అన్యాయం వెదకనక్కరలేదు, కాని కారణం వెదకాలి. తడబడే గ్రంథం కంటె తడబాటును గురించి చక్కగా చెప్పే గ్రంథమే చదువరికి సుఖం.

తన తలలో బీబీసీ వార్తలు చదివేవారి కంఠం వంటి నిర్దుష్ట స్వరం ఒకటి నడుస్తూనే ఉండేదని, నోటికి వచ్చేది వేరుగా ఉండేదని వెస్ట్ తర్వాత వివరించాడు. ఎదుట కూర్చున్న భార్యకు ‘మెమ్’ వినిపిస్తున్న సమయంలో లోపల పూర్తి వాక్యాలు సాగుతున్నాయన్న మాట. ఆ లోపలి స్వరాన్ని ఎంత ప్రేమగల సంరక్షకురాలైనా వినలేదు. అకర్మన్ తన ఊహలు కొన్నిసార్లు తప్పాయని, భర్త చిరాకు పడ్డాడని దాచకుండా వ్రాసింది. ఆ తప్పుల చిట్టా ఇంకా పెద్దదిగా ఉంటే గ్రంథం మరింత నమ్మదగినదయ్యేది. గద్యం మరీ మెరుస్తుంది. తడిసిన దుప్పటి కూడా ఉపమానంతో మెరిసే చోట, ఆ మెరుపు రోగిదా, రచయిత్రిదా అన్న సందేహం కలగక మానదు. చివర సంరక్షకులకు ఉపయోగపడే సూచనలు చేర్చడం వల్ల గ్రంథం ఉపకారిగా మారిందే కాని, అంతవరకూ నిలబెట్టుకున్న అనిశ్చయం కొంత సడలింది.

ఆ సడలింపు వెనుక ఉన్న ఆశ కౌశికుని కథలోని ఆశకు దూరపు బంధువు: తగినంత ప్రేమిస్తే మనిషి తిరిగి వస్తాడు. వెస్ట్ వాస్తవంగానే ఎంతో తిరిగి వచ్చాడు. మాట్లాడాడు, మళ్లీ పుస్తకాలు వ్రాశాడు, 2015లో మరణించేవరకు మరి పన్నెండేళ్లు జీవించాడు. అయితే ఒక గాథను నియమంగా చదవడం సంరక్షకులకు భారం. భారతదేశంలోని 14 ఆసుపత్రుల్లో 1250 మంది పక్షవాత రోగులతో జరిపి 2017లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన ‘అటెండ్’ పరిశోధన, కుటుంబ సభ్యులకు శిక్షణనిచ్చి ఇంటివద్దే పునరావాస చికిత్స చేయిస్తే ఫలితం మెరుగవుతుందేమోనని పరీక్షించింది. ఆరు నెలల తర్వాత మరణించినవారు లేదా ఇతరులపై ఆధారపడినవారు శిక్షణ పొందిన కుటుంబాల్లో 47 శాతం, పొందని కుటుంబాల్లోనూ 47 శాతం. ఆ అంకెల వెనుక ఎందరు భార్యలు, ఎందరు భర్తలు రోజూ చెయ్యి ఎత్తించి, వేళ్లు విప్పించి, అడుగు వేయించి ఉంటారో ఊహించవచ్చు. వారి పనికి విలువ ఉంది. కథలు వాగ్దానం చేసే ప్రతిఫలం మాత్రం లేదు. సూర్యుణ్ణి ఆపిన ఇల్లాలి కథ విని పెరిగిన స్త్రీ, ఆరు నెలల తర్వాతా భర్త చెయ్యి కదలకపోతే లోపం తన సేవలో ఉన్నదని అనుకొనే ప్రమాదం వాస్తవమైనది. పతివ్రతా కథను విమర్శించేవారు దాని లింగ వివక్షను తరచుగా ఎత్తిచూపారు. రోగఫలితానికి సంరక్షకురాలి శీలాన్ని బాధ్యురాలిని చేసే దాని కార్యకారణ తర్కం కూడా అంత విమర్శకూ పాత్రమైనదే.

ఈ తర్కానికి లొంగని పుటలు అకర్మన్ గ్రంథంలో ఉన్నాయి. అవి చివరనున్న నూరు పేర్ల జాబితా. అంతవరకూ భర్త ప్రతి మాటకూ సందర్భం చెప్పి, అర్థం చెప్పి, స్వరం చెప్పిన భార్య అక్కడ వెనక్కు తగ్గుతుంది. ఆయన మాటలు వరుసగా, వాటంతటవి నిలుస్తాయి. కొన్ని పేర్లు వెంటనే అందుతాయి, కొన్ని ఎంతసేపు చూసినా ఎందుకు పెట్టాడో బోధపడదు. ఈ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చేవారు ఎవరైనా మొదట ఇబ్బంది పడేది ఆ జాబితా దగ్గరే. భార్యను పేరు పెట్టి కాక ‘ఏమే’ అని పిలిచే అలవాటున్న భాషలో నూరు పేర్లు పెట్టాలి. వాటిలో కొన్నింటికి అర్థం తెలియకుండానే పెట్టాలి.